కీళ్లవాతానికి టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే ఇంజెక్షన్: టీబీ ఉన్న మన ప్రాంతంలో ముందే వాడాలా, ఆఖరికి ఉంచాలా?

బ్రాడీపేట తమ్ముడు:
మా అక్క గుంటూరు మిర్చి యార్డు దగ్గర తొడిమలు తీసే పనికి వెళ్లేది. రెండేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్, అదే కీళ్లవాతం. పొద్దున లేచాక గంట దాటినా పిడికిలి బిగియదు, జాకెట్టు హుక్కులు అమ్మే పెట్టాలి. వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే కీళ్లవాతం మందు వేసుకుంటోంది, అయినా మణికట్టు వాపు దిగలేదు. ఇప్పుడు డాక్టరు గారు అడాలిముమాబ్ అనే ఇంజెక్షన్ మొదలుపెడదామంటున్నారు. అది ఒంట్లో వాపు పుట్టించే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ని అడ్డుకుంటుందట. బాబాయి మాత్రం "టీబీ తిరగబడుతుంది, వద్దు" అని పట్టుబట్టాడు. అక్క చిన్నప్పుడు మా తాతకి టీబీ వచ్చి తగ్గింది, అందరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. తెలిసినవాళ్లు చెప్పండి, ఏం చేయాలి?

మైక్రోబయాలజీ మాస్టారు, విజయవాడ:
మీ బాబాయి గారిది ఉత్తుత్తి భయం కాదండి. టీబీ సూక్ష్మజీవి ఒంట్లో చేరితే క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాలు దాని చుట్టూ గుంపుకట్టి గోడలా నిలబడతాయి. దాన్నే గ్రాన్యులోమా అంటాం. ఆ గోడ కూలకుండా కాపాడే వాటిలో టీఎన్‌ఎఫ్ ముఖ్యమైనది. టీఎన్‌ఎఫ్ రిసెప్టర్ (కణం మీద టీఎన్‌ఎఫ్ అతుక్కునే చోటు) లేకుండా పుట్టించిన ఎలుకలు టీబీ సోకితే తట్టుకోలేక చనిపోయాయని 1995లోనే చూపించారు. మనుషుల్లో 2001లో బయటపడింది: టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే మరో మందు ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవాళ్లలో 70 టీబీ కేసులు. సగానికి పైగా ఊపిరితిత్తుల బయట వచ్చినవే. వాళ్లలో ఎక్కువమంది టీబీ తక్కువగా ఉన్న దేశాలవాళ్లు. ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నాయి. అందుకే మన దగ్గర ఈ మందును ఆఖరికి ఉంచాలనేది నా అభిప్రాయం.

పటమట నివాసి:
మాస్టారూ, మీరు చెప్పిన సైన్సు నిజమే, తీర్పుతోనే పేచీ. మా ఆవిడకి ఒక క్లినిక్‌లో "ఇంకా చూద్దాం, ఇంకా చూద్దాం" అంటూ మూడేళ్లు లాగారు. ఈలోపు కుడిచేతి వేళ్లు పక్కకి వాలిపోయాయి. తర్వాత ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గింది, వేళ్లు మాత్రం తిరిగి రాలేదు. కీలు లోపల టీఎన్‌ఎఫ్ ఎక్కువైతే ఎముకను కొరికే ఆస్టియోక్లాస్ట్‌లు రెచ్చిపోతాయి. లండన్‌లో మైనీ, ఫెల్డ్‌మన్ అనే పరిశోధకులు 1992లో టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే మందును మొదటిసారి కీళ్లవాతం రోగులకు ఇచ్చినప్పుడు పట్టుకున్నది ఈ మూలాన్నే. అరిగిన ఎముకను ఏ మందూ వెనక్కి తేదు. టీబీకైతే మందుంది, ముందే పరీక్ష ఉంది.

కొత్తపేట ఫార్మసిస్టు:
మధ్యలో ఒక మెట్టు ఉందండి, దాన్ని ఎవరూ అనలేదు. మెథోట్రెక్సేట్‌కి సల్ఫాసలజైన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ కలిపి మూడు మాత్రల వైద్యం ఇస్తారు. మెథోట్రెక్సేట్ సరిపోనివాళ్లలో ఇది, మెథోట్రెక్సేట్‌కి ఎటనర్‌సెప్ట్ (ఇదీ టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే ఇంజెక్షనే) కలిపిన వైద్యానికి తీసిపోలేదని 2013లో ఒక ట్రయల్‌లో తేలింది. ఖర్చులో పోలికే లేదు. రోజు కూలి మీద బతికే ఇంట్లో ఇంజెక్షన్ మొదలుపెట్టి డబ్బుల్లేక మధ్యలో ఆపేస్తే వ్యాధి మళ్లీ లేస్తుంది, అలాంటి వాళ్లని కౌంటర్ దగ్గర చూస్తూనే ఉన్నాను. పైగా టీఎన్‌ఎఫ్ మందులన్నీ ఒక్కటి కాదు. ఎటనర్‌సెప్ట్‌తో టీబీ ముప్పు అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ల కంటే తక్కువని బ్రిటన్ రోగుల రిజిస్టర్‌లో కనిపించింది. ఇది డాక్టరు గారిని తప్పకుండా అడగండి.

మైక్రోబయాలజీ మాస్టారు, విజయవాడ:
పటమట గారూ, "మూలం" అన్నారు చూడండి, నా అభ్యంతరం అక్కడే. టీఎన్‌ఎఫ్‌ని వాపు పుట్టించే విలన్‌గానే చూస్తున్నాం. 1975లో న్యూయార్క్‌లో లాయిడ్ ఓల్డ్ బృందం దీన్ని గుర్తించింది ఎలుకల్లో కణితులను చంపే పదార్థంగా. అందుకే ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అన్నారు. ఆ ఎలుకలకు ముందుగా ఎక్కించింది టీబీ టీకా బీసీజీయే! దీనికి రెండు రిసెప్టర్లున్నాయి. మొదటిది దాదాపు అన్ని కణాల మీదా ఉంటుంది, వాపూ కణాల చావూ ఎక్కువగా దీని ద్వారానే. రెండోది రెగ్యులేటరీ టీ కణాల మీద బాగా కనిపిస్తుంది, రోగనిరోధక వ్యవస్థ మన సొంత కణాల మీద పడకుండా ఆపేది ఆ కణాలే. అంటే ఒకే ప్రొటీన్ మంట పెడుతుంది, మంటని అదుపులోనూ పెడుతుంది. మనం వాడే మందులు రెండు దారులనీ కలిపి మూసేస్తాయి. సోరియాసిస్‌కి వాడే ఇదే మందుతో కొందరికి కొత్తగా సోరియాసిస్ వస్తుంది. రోగనిరోధక వ్యవస్థ నరాల మీద పడే మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే లెనర్‌సెప్ట్ ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా ముదిరింది, 1999లో ఆ ఫలితాలు వచ్చాయి. అందుకే అంటున్నాను, ఇది తొందరపడి వాడే మందు కాదు.

పటమట నివాసి:
తొందర వద్దు సరే. కానీ "ఆఖరు" అంటే ఎప్పుడు? మూడు మాత్రలు వేసి మూడు నెలలు చూడండి, వాపు దిగకపోతే ఇంకా ఆగకూడదు. టీబీ దాగి ఉందని తేలినా ఇంజెక్షన్ పూర్తిగా మానేయాల్సిన పని లేదు, టీబీ రాకుండా ఇచ్చే మందు కనీసం నెల రోజులు వాడాక మొదలుపెట్టొచ్చు. జాగ్రత్త పేరుతో ఏళ్లు గడిపితే ఆ అమ్మాయి చేతులు పోతాయి.

బ్రాడీపేట తమ్ముడు:
అందరికీ థాంక్సండి. మూడు మాత్రల సంగతి, ఎటనర్‌సెప్ట్ సంగతి రాసుకున్నాను. ఒక్క డౌటు. అక్కకి చిన్నప్పుడు బీసీజీ వేశారు. టీబీ కోసం చర్మం మీద చేసే మాంటూ పరీక్ష పాజిటివ్ వస్తే నమ్మాలా?

మైక్రోబయాలజీ మాస్టారు, విజయవాడ:
బీసీజీ వల్ల కూడా మాంటూలో చర్మం ఉబ్బొచ్చు బాబూ. ఇగ్రా అనే రక్తపరీక్షకి ఆ ఇబ్బంది లేదు, దాంతోపాటు ఛాతీ ఎక్స్‌రే తీయించండి. తాతగారి సంగతి డాక్టరు గారికి మీరే నోటితో చెప్పండి, రిపోర్టుల్లో ఉండదు. పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చినా అక్కడితో అయిపోలేదు. మన ఊళ్లలో కొత్తగా ఎప్పుడైనా సోకొచ్చు. ఇంజెక్షన్ మొదలయ్యాక సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, మెడ దగ్గర గడ్డ, వీటిలో ఏది కనిపించినా దగ్గు లేదు కదా అని ఊరుకోవద్దు, తర్వాతి డోసు వేయించే ముందే ఆసుపత్రికి తీసుకెళ్లండి.