ఈ మూడు పాత స్పోర్ట్స్ కార్ బ్రోచర్లు అసలువేనా? డబ్బు కట్టే ముందు ఏం చూడాలి?

ప్రశ్న (తిరుపతి, కొర్లగుంట):

అందరికీ నమస్కారం. పాత స్పోర్ట్స్ కార్ల బ్రోచర్లు కొన్నాళ్లుగా పోగు చేస్తున్నాను. ఆ కార్లు మనం కొనలేం గానీ, అప్పట్లో షోరూమ్‌లో చేతికిచ్చిన కాగితం ఇంట్లో ఉన్నా నాకు పండగే. ఇన్నాళ్లూ వంద, రెండొందల్లో దొరికినవే కొన్నాను. ఇప్పుడు బెంగళూరు నుంచి ఒకాయన మూడింటికి కలిపి పద్నాలుగు వేలు అడుగుతున్నాడు.

మొదటిది జాగ్వార్ ఈ-టైప్, "1961 ఫస్ట్ ప్రింట్" అంటున్నాడు. రెండోది ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఫోల్డర్. 1964లో మద్రాసు షోరూమ్‌లో ఇచ్చిందట, వెనక షాపు ముద్ర కూడా ఉంది. మూడోది పోర్షే 911, 1967 నాటిదట. అన్నీ ఒక జమీందారు వారసుల ఇంట్లో, ట్రంకు పెట్టెలో దొరికాయని చెబుతున్నాడు. ఈ రాత్రికి సగం డబ్బు పంపకపోతే రేపు వేరేవాళ్లకు ఇచ్చేస్తానంటున్నాడు. పోగొట్టుకుంటానేమోనని ఒక టెన్షన్, మోసపోతానేమోనని ఇంకో టెన్షన్. ఫొటోలు కింద పెట్టాను. తెలిసినవాళ్లు చూసి చెప్పండి.

జవాబు (చిత్తూరు, గ్రీమ్స్‌పేట. ఆఫ్‌సెట్ ప్రెస్ పని):

తమ్ముడూ, ముందు ఆ డబ్బు పంపడం ఆపు. బ్రోచర్లంటే కంపెనీలు ఊరూరా పంచడానికి వేలల్లో వేయించినవి. ఈ రాత్రి పోతే మళ్లీ దొరకదనేంత అరుదైనది ఈ మూడింట్లో ఏదీ లేదు.

జమీందారు పెట్టె సంగతి పక్కన పెట్టు. నిజమే అయినా అది తేల్చే దారి మనకు లేదు. తేల్చగలిగిందంతా కాగితం మీదే ఉంది. అమ్మేవాడు చెప్పే సంవత్సరం, కాగితం చెప్పే సంవత్సరం ఒకటేనా కాదా? నేనైతే అది తప్ప ఇంకేదీ పట్టించుకోను.

ఈ-టైప్ చూద్దాం. ఆ కారు 1961 మార్చిలో జెనీవా మోటార్ షోలో బయటికొచ్చింది, అప్పుడు ఇంజన్ 3.8 లీటర్లు. నువ్వు పెట్టిన రెండో ఫొటోని పెద్దది చేసి చూడు, సాంకేతిక వివరాల పట్టికలో 4,235 సీసీ అని ఉంది. అంటే 4.2 ఇంజన్. అది వచ్చింది 1964 అక్టోబర్‌లో. కాబట్టి 1961 మాట అక్కడే పోయింది. అయితే ఇంకొంచెం చూడు. హెడ్‌లైట్ల మీద గాజు మూత ఉంది, అది 1967లో తీసేశారు. వెనక సీట్లుండే 2+2 మోడల్ 1966 మార్చిలో వచ్చింది, దాని ఊసు ఇందులో ఎక్కడా లేదు. చాలావరకు ఇది 1964 చివరి నుంచి 1966 మొదలు వరకు నడిచిన బ్రోచర్. చెప్పిన సంవత్సరం తప్పు, కానీ కాగితం అసలుదే అయి ఉండొచ్చు. ఈ రెండూ వేరువేరు విషయాలు. సంవత్సరం తప్పు చెప్పాడని వస్తువును పారేయక్కర్లేదు, ధర తగ్గించి అడిగితే చాలు.

ఎంజీబీ ఫోల్డర్ కింది మూలలో బ్రిటిష్ లేలాండ్ గుర్తు స్పష్టంగా కనిపిస్తోంది. ఆ కంపెనీ పుట్టిందే 1968లో. 1964లో ఎంజీ కంపెనీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) కింద ఉండేది. ఇక వెనక ముద్ర చూడు, మద్రాసు పక్కన ఆరంకెల పిన్‌కోడ్. మన దేశంలో పిన్‌కోడ్ మొదలైంది 1972 ఆగస్టు 15న. బొమ్మలో కారుకు ఇంకా మెరిసే క్రోమ్ బంపర్లే ఉన్నాయి, 1974లో వాటి చోట నల్ల రబ్బరు బంపర్లు వచ్చాయి. అంటే ఫోల్డర్ 1968కీ 1974కీ మధ్యది. ముద్ర 1972 తర్వాతది. రబ్బరు స్టాంపు ఏ బజార్లోనైనా గంటలో చేసిస్తారు కాబట్టి ముద్ర ఉందని పైసా ఎక్కువ ఇవ్వకు.

పోర్షే మాత్రం నాకు అసలు నచ్చలేదు. చివరి పేజీలో స్టుట్‌గార్ట్ చిరునామాకు అయిదంకెల పోస్టల్ కోడ్ ఉంది. పశ్చిమ జర్మనీలో 1960ల మొదట్లో వచ్చింది నాలుగంకెల కోడ్. అయిదంకెలది 1993 జూలై 1 నుంచి. 1967 కాగితం మీద అది ఉండే ప్రసక్తే లేదు. తర్వాతెప్పుడో మళ్లీ వేసిన కాపీ అయ్యుంటుంది. కాపీని కాపీ అని చెప్పి అమ్మితే తప్పేం లేదు, నేనూ కొంటాను. అసలుదని చెప్పి అమ్మడమే తప్పు.

ఇప్పుడు అచ్చు సంగతి. ఇది మా పని కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం కొనుక్కో, ప్రెస్‌లలో లూప్ అంటారు. ముందు ఇంట్లో టీటీడీ క్యాలెండర్ మీద పెట్టి చూడు. ఆఫ్‌సెట్ రంగుల బొమ్మలో నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు వరసలు కట్టి చిన్న చిన్న పూలలా కనిపిస్తాయి. తర్వాత జిరాక్స్ షాపులో తీయించిన కలర్ ప్రింట్ మీద పెట్టు. అక్కడ చుక్కలు చెదిరిపోయి ఉంటాయి, లేదంటే పొడి అతికినట్టు మెరుస్తుంది. ఈ తేడా ఒకసారి కంటికి అలవాటైతే ఇక మర్చిపోవు.

బొమ్మల కంటే అక్షరాలు ఇంకా ముఖ్యం. అసలు బ్రోచర్‌లో చిన్న నల్ల అక్షరాలు ఒక్క నల్ల ఇంకుతోనే పడతాయి, అంచు కోసినట్టు ఉంటుంది. అసలుదాన్ని స్కాన్ చేసి వేసిన కాపీలో మామూలుగా అక్షరం కూడా బొమ్మలో భాగమైపోతుంది. అంచుల చుట్టూ రంగు చుక్కలు ముసురుతాయి. కాపీని కూడా ఆఫ్‌సెట్‌లోనే వేశారనుకో, పాత చుక్కల మీద కొత్త చుక్కలు పడి ఆకాశం, కారు తలుపు లాంటి నునుపు చోట్ల అలలు అలలుగా గీతలు వస్తాయి. అమ్మేవాణ్ని అడుగు, మూడింటిలోనూ చిన్న అక్షరాలున్న చోట దగ్గరి నుంచి ఫొటో తీసి పంపమను. ఇవాళ్టి తేదీ రాసిన చీటీ కూడా పక్కన పెట్టమను. సరుకు నిజంగా తన దగ్గరే ఉన్నవాడికి ఇది అయిదు నిమిషాల పని.

ఇంకొకరు (తిరుపతి, బైరాగిపట్టెడ):

అన్న చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంకో రెండు విషయాలు కలుపుతాను. పత్రికలోంచి చింపిన ప్రకటన పేజీని బ్రోచర్ అని అమ్మేవాళ్లు చాలామంది. వెనక వైపు ఫొటో అడగండి. అక్కడ సగంలో తెగిన వ్యాసమో, వేరే కంపెనీ ప్రకటనో ఉంటే అది పత్రిక పేజీ. ధర గురించి కూడా ఒక మాట. నెట్‌లో ఎవరో అడుగుతున్న ధర చూసి అదే రేటు అనుకోకండి. నిజంగా అమ్ముడుపోయిన ధరలు విడిగా చూపిస్తారు, వాటినే పట్టుకుని బేరమాడండి. ఒకవేళ ఎవరికైనా డబ్బు కట్టి మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ అదే.

ప్రశ్న అడిగినవారు:

అన్నా, చాలా థాంక్స్. ఫొటోలు అడిగాను. ఈ-టైప్‌వీ, ఎంజీబీవీ పంపాడు, అక్షరాలు నల్లగా, నున్నగా ఉన్నాయి. పోర్షే ఫొటో ఒక్కటే వచ్చింది, అక్షరాల చుట్టూ ఎరుపు, నీలం చుక్కలున్నాయి. అడిగితే "ఫోన్ కెమెరా వల్ల అలా వస్తుంది" అన్నాడు. ఈ-టైప్ పేజీలు అంచుల దగ్గర గోధుమ రంగుకు తిరిగాయి. అది పాతదనానికి గుర్తేనా? నోట్లు చూసే యూవీ టార్చ్ కూడా ఉంది, దాంతో తెలుస్తుందా?

జవాబు (చిత్తూరు):

కెమెరా వల్ల అయితే మిగతా రెండింటిలోనూ రావాలి కదా తమ్ముడూ. పోర్షే వదిలెయ్.

రంగు అంచుల నుంచి లోపలికి పోతూ తగ్గుతుంటే మంచి గుర్తే, గాలి, వెలుతురు తగిలే చోటే కాగితం ముందు ముదురుతుంది. పేజీ అంతా, మడతల లోపల కూడా ఒకే రంగుంటే టీ నీళ్లలో ముంచారేమోనని అనుమానించాలి. సెంటర్ పిన్నులు తుప్పు పట్టి ఉంటే, ఆ తుప్పు మరక కాగితం మీద కూడా పడి ఉండాలి. మరక లేని కాగితానికి తుప్పు పిన్ను ఉంటే ఎవరో తర్వాత గుచ్చినట్టే.

యూవీ టార్చ్ ఈ మూడింటికి పెద్దగా పనికిరాదు. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే మందు 1950ల నుంచి వాడకంలోకి వచ్చింది, కాబట్టి 1960ల అసలు కాగితం కూడా నీలంగా మెరవొచ్చు. ఎవరైనా 1930ల ఎంజీ బ్రోచర్ అని తెస్తే మాత్రం టార్చ్ వెయ్యి. అది ట్యూబ్‌లైట్‌లా వెలిగితే కొనకు.

ఈ-టైప్‌కు పేజీలెన్నో లెక్కపెట్టి చెప్పమను. లోపల విడిగా పెట్టే ధరల చీటీ, రంగుల కార్డు ఉన్నాయా అడుగు. అవి పోయినవే ఎక్కువ, ఉంటే విలువ పెరుగుతుంది. ధరల చీటీ ఉంటే అది కూడా చదువు. ఇంగ్లండ్‌లో షిల్లింగులు, పాత పెన్నీలు 1971 ఫిబ్రవరి 15తో పోయాయి, వ్యాట్ 1973 ఏప్రిల్‌లో వచ్చింది. 1965 బ్రోచర్‌లో వ్యాట్ చీటీ ఉంటే అది వేరేదాన్లోంచి తెచ్చి పెట్టిందే. అన్నీ సరిపోతే "4.2 ఈ-టైప్, అసలు బ్రోచర్" అని రాసిచ్చిన బిల్లు తీసుకుని, ఎంజీబీ కూడా కలిపి కొత్తగా బేరం మొదలుపెట్టు.

మన వైపు వెతికేవాళ్లకు ఇంకో మాట. స్టాండర్డ్ హెరాల్డ్ బ్రోచర్లు వదలొద్దు. ఆ కారు 1961 నుంచి మద్రాసులోనే తయారైంది. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ వాళ్లు స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారును ఆ హెరాల్డ్ ఛాసిస్ ఆధారంగానే చేశారు. చిత్తూరు, పుత్తూరు వైపు పాత ఇళ్లలో జాగ్వార్ కాగితం కంటే ఇదే దొరకొచ్చు, దీనికి నకిలీ వేయించేంత లాభమూ ఎవరికీ లేదు.

ఇంకొకరు (తిరుపతి, లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను):

బాబూ, తెచ్చుకున్నాక లామినేషన్ మాత్రం చేయించవద్దు. ఆ వేడి, ఆ జిగురు కాగితంలోకి దిగాక మళ్లీ తీయలేం, విలువా పోతుంది. చిరుగుకు సెలోటేప్ కూడా వేయకు, కొన్నేళ్లకు పసుపు మరక మిగులుతుంది. మెత్తగా ఉండి ప్లాస్టిక్ వాసన వచ్చే పీవీసీ కవర్లు వద్దు, అవి ఇంకును లాగేస్తాయి. పాలియెస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లు అడిగి తీసుకో. బీరువాను గోడకు ఆనించకు, మనకు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, గోడ తేమ నేరుగా కాగితానికి ఎక్కుతుంది. నిలబెట్టకుండా పడుకోబెట్టి ఉంచు. వానలు తగ్గాక ఒకసారి తీసి, ఎండలో కాదు, నీడలో ఫ్యాన్ గాలికి ఆరనివ్వు. పురుగు పట్టిన కాగితం ఒక్కటి కనిపించినా దాన్ని వెంటనే వేరే గదిలో పెట్టు.