ఐడ్ తర్వాత ఆల్రెడీ, నెవర్, ప్రాబబ్లీ ఎక్కడ పెట్టాలి? చిన్న డౌట్

కామా_ఫుల్‌స్టాప్:
అందరికీ హాయ్. పాస్ట్ పర్ఫెక్ట్ నాకు పెద్ద ప్రాబ్లమ్ కాదు, జరిగిపోయిన రెండు సంగతుల్లో ముందు జరిగినదానికి హ్యాడ్ పెట్టాలని తెలుసు. కానీ ఆ హ్యాడ్‌ని కుదించి అపాస్ట్రఫీ డి చేసి ఐడ్, షీడ్, దేడ్ అని రాసేటప్పుడు పక్కన అడ్వర్బ్ వచ్చిందంటే అక్కడే ఆగిపోతున్నా. ‘ఐడ్ ఆల్రెడీ సీన్ ఇట్’ అని ఒకచోట చూశా, ‘ఐ ఆల్రెడీ హ్యాడ్ సీన్ ఇట్’ అని ఇంకోచోట చూశా. సరే రెండూ కరెక్టే అనుకుందాం, మరి ఆల్రెడీ వెనకాల ఆ డి తగిలించి ‘ఐ ఆల్రెడీడ్ సీన్ ఇట్’ అని ఎవరూ ఎందుకు రాయరు? పైగా స్కూల్లో మా సార్ ఒకాయన హెల్పింగ్ వెర్బ్‌కీ మెయిన్ వెర్బ్‌కీ మధ్యలో ఏదీ దూర్చకూడదని గట్టిగా చెప్పేవారు, అది బుర్రలోంచి పోవట్లేదు. ఇంకో గొడవేంటంటే ఆ డి హ్యాడ్‌దో వుడ్‌దో ఎలా కనిపెట్టాలి? ఒక కథలో ‘హీడ్ నెవర్ కమ్ టు అవర్ మీటింగ్స్’ అని ఉంది, అప్పటిదాకా ఎప్పుడూ రాలేదనా, అసలు వచ్చేవాడే కాదనా? రూల్స్ లిస్టు వద్దు ప్లీజ్, చదివితే ఎక్కేలా చెప్పండి.

పదాల_పిచ్చి:
ముందు ఆ సార్ మాట పక్కన పెట్టేయండి. స్ప్లిట్ ఇన్ఫినిటివ్, అంటే టు కీ వెర్బ్‌కీ మధ్యలో ఇంకో పదం దూర్చడం (‘టు రియల్లీ నో’ లాగా), తప్పు అన్న భయాన్నే జనం హ్యాడ్, హ్యావ్ లాంటివాటికి కూడా అంటగట్టారు, అంతే. ఇంగ్లిష్ వాడుక మీద పేరున్న పుస్తకం రాసిన ఫౌలర్ 1926లోనే దీన్ని కొట్టిపారేశాడు, మధ్యలో పెట్టడమే సహజం అన్నాడు. ఇక మీ ప్రశ్న. డి తర్వాత, మెయిన్ వెర్బ్‌కి ముందు ఒక ఖాళీ ఉంటుంది చూడండి, ఈ చిన్న అడ్వర్బ్స్ అన్నీ కూర్చునేది అక్కడే: ఐడ్ జస్ట్ ఫినిష్డ్, షీడ్ నెవర్ డ్రివెన్, దేడ్ ఆల్వేస్ నోన్, హీడ్ ప్రాబబ్లీ ఫర్‌గాటెన్, ద బెస్ట్ వన్ ఐడ్ ఎవర్ సీన్. కళ్ళు మూసుకుని అక్కడ పెట్టేయొచ్చు, నూటికి తొంభై సార్లు సరిపోతుంది.

ఆల్రెడీడ్ ఎందుకు రాదంటే, ఆ డి కి సొంతంగా బలం లేదు, నోట్లో ఒత్తి పలకడానికి ఏమీ లేదు, ముందున్న ఐ కో షీ కో అతుక్కుని బతకాలి. మధ్యలో ఆల్రెడీ వచ్చి అడ్డం కూర్చుంటే దానికి పట్టు ఉండదు, అప్పుడు హ్యాడ్ అని పూర్తిగా రాయాల్సిందే. అందుకే ‘ఐ ఆల్రెడీ హ్యాడ్ సీన్ ఇట్’ లో హ్యాడ్ ఫుల్‌గా ఉంది. అలా రాస్తే కొంచెం నొక్కి చెప్పినట్టు ఉంటుంది, నువ్వు నమ్మకపోయినా నేను చూసేశాను అన్నట్టు. మామూలుగా చెప్పాలంటే ఐడ్ ఆల్రెడీ చాలు.

ఇదే కారణంతో వాక్యం చివర్లో కూడా డి పనికిరాదు. ‘హ్యాడ్ యు టోల్డ్ హర్?’ అని అడిగితే ‘ఎస్, ఐ ఆల్రెడీ హ్యాడ్’ అనాలి. ‘ఎస్, ఐడ్’ అని ఆపేస్తే వినేవాడు ఇంకా ఏదో చెప్తారేమో అని ఎదురు చూస్తుంటాడు.

రెండో_ముద్ర:
పైన చెప్పింది కరెక్ట్. హ్యాడా వుడా అనేదానికి నా పద్ధతి: అడ్వర్బ్‌ని వేలితో మూసేసి దాని తర్వాత ఉన్న వెర్బ్ చూడండి. సీన్, గాన్, టేకెన్ లాంటి మూడో రూపం ఉంటే హ్యాడ్, సీ, గో, టేక్ లాంటి మొదటి రూపం ఉంటే వుడ్. ‘షీడ్ నెవర్ గాన్’ వెళ్ళలేదు, ‘షీడ్ నెవర్ గో’ వెళ్ళదు లేదా వెళ్ళేది కాదు. సింపుల్.

చిక్కు ఎక్కడంటే కొన్ని వెర్బ్స్‌కి మొదటి రూపం మూడో రూపం ఒకటే. పుట్, కట్, లెట్, హిట్, కమ్, రన్, బికమ్. మీ కథలో ఉన్న కమ్ సరిగ్గా ఇక్కడే తగులుకుంది. వాక్యం ఒక్కటే చూసి ఎవరూ చెప్పలేరు, పక్క వాక్యాలు చదవాల్సిందే. ‘అంటిల్ దట్ డే’ లాంటిది పక్కన ఉంటే హ్యాడ్, అంటే ఆ రోజు వరకు రాలేదని. ‘ఈవెన్ ఇఫ్ యు బెగ్డ్ హిమ్’ ఉంటే వుడ్, బతిమాలినా రాడని. రీడ్ సంగతి ఇంకా తమాషా, ఇంగ్లిష్ స్పెల్లింగ్ రెండింటికీ ఒకటే, పలికితేనే తేడా. మనం తెలుగులో ‘ఐడ్ నెవర్ రెడ్ ఇట్’, ‘ఐడ్ నెవర్ రీడ్ ఇట్’ అని రాస్తే తేలిపోతుంది, పాపం వాళ్ళకి ఆ సౌకర్యం లేదు.

అడ్వర్బ్‌ని చూసి ఊహించొచ్చా అంటే కొంతవరకే. ఆల్రెడీ ఉంటే ఎక్కువగా హ్యాడే, ‘ఐడ్ ఆల్రెడీ పుట్ ద కీస్ అవే’ అంటే పెట్టేశాను అనే. కానీ ‘హీడ్ ఆల్రెడీ హ్యావ్ లెఫ్ట్’ అని మధ్యలో హ్యావ్ వచ్చిందంటే అది వుడ్, చూసుకోండి. జస్ట్, ఆల్వేస్ అయితే అస్సలు నమ్మొద్దు, ‘ఐడ్ జస్ట్ సిట్ దేర్’ అంటే అలా కూర్చునేవాణ్ణి అని, అది వుడ్. ఇంకో రెండు ఉన్నాయి, బెటర్, రాదర్. ‘యూడ్ బెటర్ గో’ లో ఉన్నది హ్యాడే కానీ పాస్ట్ పర్ఫెక్ట్‌తో దానికి సంబంధం లేదు, ‘ఐడ్ రాదర్ స్టే’ లో వుడ్. ఈ రెండింటినీ ముక్కలు చేయకుండా అలాగే గుర్తుపెట్టేసుకోవడం మేలు.

కామా_ఫుల్‌స్టాప్:
సూపర్ అండి, ఆ వేలితో మూయడం బాగుంది. మరి నాట్ వస్తే? ‘షీడ్ స్టిల్ నాట్ రిప్లైడ్’ అంటే ఓకేనా?

నిద్రపట్టని_ఎడిటర్:
తప్పు కాదు కానీ మాట్లాడేవాళ్ళు ఎక్కువగా ‘షీ స్టిల్ హ్యాడెంట్ రిప్లైడ్’ అంటారు. స్టిల్ హ్యాడెంట్‌కి ముందు వస్తుంది, అదే యెట్ అయితే చివరికి పోతుంది, ‘షీ హ్యాడెంట్ రిప్లైడ్ యెట్’. ప్రాబబ్లీ కూడా హ్యాడెంట్‌ని చూడగానే ముందుకి జరుగుతుంది, ‘హీడ్ ప్రాబబ్లీ సీన్ ఇట్’ కానీ ‘హీ ప్రాబబ్లీ హ్యాడెంట్ సీన్ ఇట్’. ‘హీ హ్యాడెంట్ ప్రాబబ్లీ’ అంటే చెవికి గుచ్చుకుంటుంది.

రియల్లీ దగ్గర మాత్రం జాగ్రత్త, స్థలం మారితే అర్థమే మారిపోతుంది. ‘ఐ రియల్లీ హ్యాడెంట్ అండర్‌స్టుడ్’ అంటే నిజంగానే అర్థం కాలేదు, ఒట్టు. ‘ఐ హ్యాడెంట్ రియల్లీ అండర్‌స్టుడ్’ అంటే ఏదో కొంత అర్థమైంది కానీ పూర్తిగా కాలేదు. ఈమెయిల్స్‌లో ఈ రెండిటికీ చాలా తేడా, మొదటిది సంజాయిషీలా ఉంటుంది, రెండోది కొంచెం మెత్తగా.

పై మిత్రుడు అన్నీ ఖాళీలోనే కూర్చుంటాయన్నారు కదా, ఎలా చేశారో చెప్పే అడ్వర్బ్స్‌కి అది అంతగా పనిచేయదు. ‘షీడ్ సంగ్ బ్యూటిఫుల్లీ’ అని చివర పెడితేనే హాయిగా ఉంటుంది. పాసివ్‌లో బీన్ వచ్చిందనుకోండి, అక్కడ రెండు ఖాళీలు ఉంటాయి: ‘ఇటిడ్ ప్రాబబ్లీ బీన్ బ్యాడ్లీ డ్యామేజ్డ్’. ప్రాబబ్లీ డి పక్కన, బ్యాడ్లీ డ్యామేజ్డ్ పక్కన. అటూ ఇటూ మార్చి చదివి చూడండి, ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో. అన్నట్టు ఇటిడ్, ‘ద ట్రెయిన్‌డ్ ఆల్రెడీ లెఫ్ట్’ లాంటివి మాట్లాడేటప్పుడు వినపడతాయి కానీ రాసేటప్పుడు, ముఖ్యంగా నౌన్ తర్వాత, హ్యాడ్ అని పూర్తిగా రాయడమే నాకు ఇష్టం.

పదాల_పిచ్చి:
బ్యూటిఫుల్లీ పాయింట్ ఒప్పుకుంటా, నేను చిన్నవాటి గురించే చెప్పా. హార్డ్లీ ఒక్కటి మిగిలిపోయింది. ‘ఐడ్ హార్డ్లీ సాట్ డౌన్ వెన్ ద ఫోన్ ర్యాంగ్’ మామూలుగా ఖాళీలోనే ఉంది, కూర్చున్నానో లేదో ఫోన్ మోగిందని. హార్డ్లీని వాక్యం మొదటికి తెస్తే మాత్రం ‘హార్డ్లీ హ్యాడ్ ఐ సాట్ డౌన్’ అని తిరగబడుతుంది, అప్పుడు హ్యాడ్‌కి ముందు ఐ లేదు కాబట్టి డి చేయడానికి వీల్లేదు.