క్లామత్‌లో డ్యాములు తీసేశారు, మరి రైతు సంగతి?

లంక_రైతుబిడ్డ: అమెరికాలో క్లామత్ నది మీద నాలుగు డ్యాములు పడగొట్టడం 2024లో పూర్తయింది. 1912 తర్వాత మొదటిసారి సాల్మన్ చేప ఎగువన ఒరెగాన్ రాష్ట్రం దాకా ఎదురీదిందని అందరూ సంబరపడుతున్నారు. ఆయకట్టు రైతు గురించి ఒక్క ముక్క లేదు. డ్యామ్ లేకపోతే చేనుకు నీళ్ళెక్కడివి?

మెడ్‌ఫర్డ్_మాధవి: ఆ నాలుగూ కరెంటు కోసం కట్టినవండీ. క్లామత్ ప్రాజెక్టు చేలకు నీళ్ళు ఎగువన ఉన్న అప్పర్ క్లామత్ సరస్సు నుంచి ఏ-కెనాల్‌లోకి వస్తాయి. ఆ ఏర్పాటు అలాగే ఉంది.

పులుసు_ప్రియ: మన పులసకూ ధవళేశ్వరం బ్యారేజీ అడ్డే. దాన్ని తీసేయమంటే ఊరుకుంటామా?

మెడ్‌ఫర్డ్_మాధవి: అది డెల్టాకు నీళ్ళిచ్చే బ్యారేజీ. ఇవి కావు. ఎన్నిసార్లు చెప్పాలి?

లంక_రైతుబిడ్డ: డ్యామ్ కరెంటుదో కాలవదో, నీళ్ళు ఆపడానికి చెప్పే పేరు చేపదే. 2001 కరువులో చేపల కోసమని ఏప్రిల్‌లో ఆ రైతుల్లో చాలామందికి నీళ్ళు ఆపేశారు. ఇక్కడ మా నాన్నదీ కాలవ శివారే, మూడెకరాలు. నారు పోసి ఇరవై రోజులయ్యాక ఈసారి మీకు నీళ్ళు రావన్నారు. ఆ నారు కోసి గేదెలకు వేశాం. అప్పు మాత్రం మిగిలింది.

కృష్ణాతీరం: ఇంతకీ చేప ముఖ్యమా, మనిషి ముఖ్యమా?

మెడ్‌ఫర్డ్_మాధవి: ఆ నది ఒడ్డున ఉండే ఆదివాసీలు, యురోక్, కారుక్ వాళ్ళు మనుషులు కారా? 2002లో రైతులకు నీళ్ళిచ్చారు. సెప్టెంబరులో దిగువన నది తగ్గి, వేడెక్కి, మొప్పల జబ్బుతో తక్కువలో తక్కువ 34,000 చేపలు చచ్చిపోయాయి. వాళ్ళకు తిండీ అదే, పండగా అదే. స్థానికులంటే మీకు పొలం ఉన్నవాళ్ళేనా?

పోయిన శరదృతువులో క్లామత్‌లో కలిసే జెన్నీ క్రీక్ వాగు దగ్గర నిలబడి చూశాను. ఒక ఆడ చేప గుడ్లు పెట్టడానికి తోకతో గులకరాళ్ళు తోస్తోంది. తోక అంచు అరిగి తెల్లగా అయిపోయింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

లంక_రైతుబిడ్డ: అమ్మా, నా గొడవ చేపతో కాదు. కరువు ఏడాది ఎవరి వాటా ఎంత కోస్తారో విత్తనం కొనకముందే చెప్పాలి. పంట పోతే పరిహారం ఆ ఏడాదే చేతికి రావాలి. రెండూ జరిగితే నేను కూడా వచ్చి ఆ చేపను చూస్తాను.

మెడ్‌ఫర్డ్_మాధవి: ముందే చెప్పాలి, డబ్బూ ఇవ్వాలి, ఒప్పుకుంటాను. కానీ నీళ్ళు చాలనప్పుడు మొదట తగ్గేది నది వాటా కాకూడదు.

లంక_రైతుబిడ్డ: అంటే రైతుదే తగ్గాలి. మన తగాదా డ్యాముల మీద కాదు, ఇక్కడే.