వెయ్యి రూపాయల లోపు ఇంట్లో తాగే వైన్: మీరేది కొంటారు, ఎందుకు?

సైనిక్‌పురి లెక్కలమ్మ

మా ఇంట్లో విస్కీ వాసన నాకు పడదు, బీరు తాగితే మా వారికి పొట్ట ఉబ్బరం. అందుకని శనివారం రాత్రి భోజనంతో చెరో గ్లాసు వైన్ తాగుతాం. మిగిలింది ఆదివారానికి, ఒక్కోసారి సోమవారానికి కూడా వస్తుంది. ఇంటి ఖర్చుల పుస్తకం నాది కాబట్టి దీనికి నెలకు మూడు, నాలుగు వేలు దాటనివ్వను. అంటే సీసా వెయ్యికి అటూ ఇటూ.

ఆ ధరలో దొరికేవాటిలో నాకు నచ్చేవి తక్కువ. పోర్ట్ వైన్ పేరుతో అమ్మేది దగ్గు మందులా ఉంటుంది, దాని జోలికి వెళ్ళను. రెడ్ తాగితే నాలుక వగరెక్కి కూర రుచి తెలియదు. సులా కంపెనీ వాళ్ళ షెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ బాగుంటుందని మా ఆడపడుచు చెబితే కొన్నాం, నాకు అదీ కాస్త తీపే. ఫారిన్‌ది కొందామంటే రెండు వేల దగ్గర మొదలు. పైగా మొన్న ఎండాకాలంలో మా దగ్గర ఒక షాపులో తీసుకున్న వైట్ వైన్ తెరిస్తే ఉడికించిన యాపిల్ వాసన. వెళ్ళి అడిగితే, "మూత తీశాక మాకు సంబంధం లేదు మేడమ్" అన్నారు.

మా వంట మామూలే. పప్పుచారు, వేపుళ్ళు, ఆదివారం కోడికూర, వారానికోసారి గోంగూర. మీ ఫ్రిజ్‌లో ఇప్పుడు నిజంగా ఏ సీసా ఉందో చెప్పండి. ఎప్పుడో ఎవరో ఇప్పించినవి, డ్యూటీ ఫ్రీలో తెచ్చినవి వద్దు.

కొండాపూర్ 3బీహెచ్‌కే

అక్కా, నన్ను అందరూ తిడతారని తెలిసే రాస్తున్నా. దొరికిన వాటిలో చవక రెడ్, నిండా ఐసు, సగం సోడా, ఒక నిమ్మ చెక్క. ఇంతే. సీసా నాలుగు రోజులొస్తుంది, వగరూ తెలియదు. నలుగురం ఫ్రెండ్స్ కూర్చున్నప్పుడు ఇంకో సీసా తెరవాల్సిన పని కూడా ఉండదు. రుచి గురించి నన్ను అడగొద్దు.

మారేడ్‌పల్లి మాజీ కెప్టెన్

పై తమ్ముణ్ణి నేను తిట్టను. హోటల్లో టేబుళ్ళ దగ్గర నిలబడి ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. బిల్లు చూశాక రుచి బాగుందనే పెద్దమనుషుల కంటే ఐసు వేసుకుని హాయిగా తాగేవాళ్ళే నాకు నచ్చేవారు.

అమ్మా, మీరు ముందు ఫారిన్ సీసా మాట మరిచిపోండి. దిగుమతి వైన్ మీద మన కస్టమ్స్ సుంకం చాలా ఏళ్ళుగా 150 శాతం. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చాక, ఐదు డాలర్లు దాటిన అక్కడి సీసాలకు అది 100కీ, పదిహేను డాలర్లు దాటినవాటికి 75కీ దిగింది, ఏడాదికేడాది ఇంకా తగ్గాలి. దాని మీద మళ్ళీ రాష్ట్రం వాటా, ఎందుకంటే మందు జీఎస్టీలో లేదు. కాబట్టి ఇక్కడ రెండు వేలు పెట్టి కొన్నది, వాళ్ళ ఊళ్ళో కిరాణా కొట్టులో కూరగాయల పక్కన అమ్మే సరుకే చాలాసార్లు. ఆ డబ్బులో సగం పెడితే మన దేశంలోనే తయారయ్యే నాసిక్‌ది, అక్లూజ్‌ది, నంది హిల్స్‌ది అంతకంటే మంచిది వస్తుంది.

ఇక షాపు సంగతి. సరుకంతా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపోల నుంచే కదా, ధర సీసా మీదే అచ్చయి ఉంటుంది. బేరం లేదు, ఈ వైన్స్‌కీ ఆ వైన్స్‌కీ రేటులో తేడా ఉండదు. తేడా అంతా వాళ్ళు సీసాని ఎక్కడ పెట్టారన్నదే. విస్కీ ఎండలో నిలబడగలదు, వైన్ నిలబడలేదు. రేకుల షెడ్డు కింద ఏప్రిల్, మే గడిపిన సీసా ఎంత పేరున్నదైనా చచ్చినట్టే. మీకొచ్చిన ఉడికిన వాసన అదే. అందుకని రోజంతా ఏసీ నడిచే షాపు కాస్త దూరమైనా అక్కడికే వెళ్ళండి. లైటు కింద షోకి నిలబెట్టిన సీసా తీసుకోవద్దు, లోపలి పెట్టెలోంచి ఇమ్మనండి. కార్క్ పైకి ఉబికి ఉన్నా, మెడ దగ్గర కారిన మరక ఉన్నా, వైట్ వైన్ తేనె రంగుకి తిరిగినా వెనక్కి ఇచ్చేయండి, మూత తీయకముందే. తిప్పే మూత ఉన్నదాన్ని చిన్నచూపు చూడకండి, ఇంట్లో తాగేదానికి అదే సుఖం.

లేబుల్ మీద సంవత్సరం కూడా చూడాలి. మన దేశంలో వైన్ ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి వరకు. వైట్ వైన్ ఆ ఏడాదే సీసాలోకి ఎక్కుతుంది. ఈ ధరలో వైట్‌ని దాచుకుంటే మెరుగయ్యేది ఏమీ లేదు, ఎంత కొత్తదైతే అంత మంచిది. అదృష్టం కొద్దీ చౌకగా దొరికిందని మూడేళ్ళ నాటి వైట్ తెచ్చుకునేవాళ్ళని చూశాను.

ఇప్పుడు మా ఫ్రిజ్. సులా సావిన్యోన్ బ్లాంక్ ఒకటి, ఫ్రాటెల్లి అనే ఇంకో కంపెనీ షెనిన్ ఒకటి, రెండూ వైటే. మొదటిదానికి తీపి లేదు, పులుపు పదును ఉంది, పచ్చి క్యాప్సికమ్ వాసన వస్తుంది. మీ పప్పుచారుకీ బెండకాయ వేపుడుకీ అది సరిపోతుంది. మీ బడ్జెట్ కొంచెం దాటొచ్చు, పుస్తకంలో సర్దుకోండి. గోంగూరకైతే అంతకంటే పుల్లనిది ఉండాలి, లేకపోతే వైన్ నీళ్ళలా తేలిపోతుంది. నిజం చెప్పాలంటే గోంగూర మటన్ ముందు నేను ఏ వైనూ పెట్టను.

కోడికూర దగ్గర మీతో పేచీ. కారం ఉన్నచోట ఆల్కహాల్ మంటని పెంచుతుంది, రెడ్‌లో ఉండే వగరు నోటిని ఇంకా ఎండగొడుతుంది. మీకు కూర రుచి పోయిందంటే అందుకే. కొద్దిపాటి తీపీ చల్లదనమూ ఆ మంటని ఆపుతాయి. మీరు కాదన్న ఆ షెనిన్‌నే ఎనిమిది, పది డిగ్రీల దాకా చల్లబరిచి ఎర్రటి కోడికూరతో మరోసారి తాగి చూడండి. ఒట్టి గ్లాసు పట్టుకుని తాగితే నాకూ తీపే.

రెడ్ వద్దనుకునే ముందు ఒక మాట. దాన్ని రూమ్ టెంపరేచర్‌లో తాగాలన్నది చలిదేశాల సంగతి, అక్కడి గది పదహారు, పద్దెనిమిది డిగ్రీలు. మన హాలు మేలో ఎంత ఉంటుందో మీకు తెలుసు. తాగే అరగంట ముందు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. మా ఆవిడకి గ్రోవర్ లా రిజర్వ్ అనే రెడ్ ఇష్టం, హలీమ్ తెచ్చుకున్న రోజున తీస్తాం. అది వెయ్యిలో రాదు, నెలలో ఒక్కటే.

నాసిక్ నుంచి నాచారం

కెప్టెన్ సార్ చెప్పిన సులాకి మా వాళ్ళు నాసిక్‌లో మీకంటే తక్కువే పెడతారు. 2001లో మహారాష్ట్ర ద్రాక్ష ప్రాసెసింగ్ పాలసీ తెచ్చి వైన్‌కి ఎక్సైజ్‌లో రాయితీ ఇచ్చింది, తోటలు పెరగడానికి అదో కారణం. అది చూసి కార్ డిక్కీలో ఒక పెట్టె వేసుకొద్దామనుకోకండి. తెలంగాణ సుంకం కట్టని సరుకంటే ఎక్సైజ్ వాళ్ళు పట్టుకుంటారు, బస్సుల్లో, రైళ్ళల్లో కూడా తనిఖీలు ఉంటాయి. సీసా మీద మిగిలే రెండు, మూడు వందల కోసం ఆ టెన్షన్ ఎవరికి కావాలి?

నా వరకు రోజే, అంటే గులాబీ రంగు వైన్. సులా జిన్‌ఫాండెల్ రోజే ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే, చికెన్ బిర్యానీతో. రంగు చూసి ఆడవాళ్ళ డ్రింక్ అని మా ఆఫీసులో నవ్వుతారు. వాళ్ళు తాగే రెడ్ బిర్యానీతో అస్సలు కలవదు, నేను చెప్పడం మానేశాను.

సైనిక్‌పురి లెక్కలమ్మ

కెప్టెన్ గారూ, ఏసీ షాపు మాట విని ఈసారి ఏఎస్ రావు నగర్ వైపు వెళ్ళి సావిన్యోన్ తెచ్చాం. పప్పుచారుతో బాగుంది, మా వారు మాత్రం నిమ్మరసంలా ఉందన్నారు. షెనిన్ విషయంలో మీతో ఇంకా ఒప్పుకోను. చల్లగా, కోడికూరతో తాగినా అది నాకు తీపే, ఆ సీసా ఆయనకి వదిలేశాను. అలా ఒకరికొకటి చొప్పున తెరిస్తే నెల లెక్క తప్పుతోంది. తెరిచిన సీసా ఎన్నాళ్ళు ఉంటుందండీ?

మారేడ్‌పల్లి మాజీ కెప్టెన్

మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెడితే వైట్ మూడు నుంచి ఐదు రోజులు. రెడ్ కూడా ఫ్రిజ్‌లోనే, కిచెన్ గట్టు మీద కాదు. 750 మిల్లీలీటర్లంటే ఐదు గ్లాసులు, మీ ఇద్దరికి వారంలో రెండు సీసాలు తెరవడం ఎక్కువే. సగం ఖాళీ అవగానే మిగిలింది నిండుగా పట్టే చిన్న సీసాలోకి మార్చండి, గాలి తగలకపోతే ఇంకో రెండు రోజులు ఆగుతుంది. పాత సోడా సీసా చాలు, బాగా కడిగి ఆరబెట్టండి. ఆయన నిమ్మరసం అన్నారు కాబట్టి ఆయనకి ఫ్రాటెల్లి షెనిన్ పెట్టి చూడండి, సులా వాళ్ళ షెనిన్ కంటే దీనికి తీపి తక్కువ. ఇద్దరికీ అదొక్కటే కుదిరితే మీ లెక్కా కుదురుతుంది.