కోళ్ల దాణాలో మాంసం–ఎముకల పొడి కలపవచ్చా?

పలమనేరు రైతు:
ఆరు వేల గుడ్ల కోళ్లు సాకుతున్నాను. ఖర్చులో మూడింట రెండు వంతులు దాణాకే పోతోంది. 2021లో సోయా చెక్క ధర మండిపోయి, కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతించింది. ఆ ఏడాది పడిన అవస్థ ఇంకా మరచిపోలేదు. మొన్న ఒక వ్యాపారి మాంసం–ఎముకల పొడి తెచ్చి చూపించాడు. మాంసకృత్తులు 50 శాతం దాకా ఉన్నాయట. సోయా చెక్కలో 45 దాటితే గొప్ప. ఎముకల వల్ల సున్నం, భాస్వరం కూడా వస్తాయి కాబట్టి వాటి కోసం విడిగా కలిపే డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) ఖర్చు తగ్గుతుంది. పెంటకుప్ప గీరి పురుగులు తినే కోడికి ఇది పెడితే తప్పేమిటి?

తిరుపతిలో గుడ్ల వ్యాపారి:
తప్పే అన్నగారూ. మాంసం ముట్టకుండా గుడ్డు మాత్రం తినేవాళ్లు నా దగ్గర చాలామంది కొంటారు. కోడి తనంతట తాను పురుగును ఏరుకుంటే వారికి అభ్యంతరం లేదు. కబేళాలో మిగిలినది మనమే తొట్టిలో పోశామని తెలిస్తే మళ్లీ నా గడప తొక్కరు. బ్రిటన్‌లో పిచ్చి ఆవు వ్యాధి ఇలాంటి పొడితోనే కదా వ్యాపించింది?

పశువైద్యురాలు, తిరుపతి:
అది పశువులకు పశువుల అవశేషాలు మేపడం వల్ల వచ్చింది. 1988లో బ్రిటన్ నెమరువేసే జంతువుల మేతలో దాన్ని నిషేధించింది. 2001లో ఐరోపా సమాఖ్య కోళ్లతో సహా ఆహారం కోసం పెంచే జంతువులన్నిటికీ ఆపేసింది. 2021లో పంది మాంసకృత్తులను కోళ్లకు తిరిగి అనుమతించింది. కోడి అవశేషాలు కోడికే పెట్టడం మాత్రం అక్కడ ఇప్పటికీ కుదరదు.

నా భయం వేరే. ప్రయోగశాలలో కొలిచేది నత్రజనిని, దాన్ని 6.25తో హెచ్చవేసి మాంసకృత్తులు ఇంత అని రాస్తారు. యూరియా కలిపినా ఆ అంకె పెరుగుతుంది. ఈకల పొడిలో 80 శాతం కనబడుతుంది కానీ, ఒత్తిడిలో ఆవిరితో ఉడికించకపోతే ఈకలోని కెరాటిన్ అనే గట్టి మాంసకృత్తి కోడికి అరగదు. డబ్బు పోసి కొన్నది రెట్టలో పోతుంది. బాగా ఉడికించిన పొడికి కూడా చల్లార్చేటప్పుడో సంచుల్లో నింపేటప్పుడో సాల్మొనెల్లా అనే రోగకారక బ్యాక్టీరియా సోకవచ్చు. వ్యాపారి చూపిన కాగితంలో పెప్సిన్ పరీక్ష, అంటే మాంసకృత్తుల్లో ఎంత అరుగుతుందో చూసే పరీక్ష, ఉందా?

పలమనేరు రైతు:
లేదు డాక్టరు గారూ, మాంసకృత్తుల శాతం ఒక్కటే ఉంది. మన వేరుశనగ చెక్కకే తిరిగి వెళ్లమంటారా?

పశువైద్యురాలు:
మొక్కల నుంచి వచ్చినంత మాత్రాన నిర్భయంగా వాడలేం. తడిసి బూజు పట్టిన వేరుశనగ చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం చేరి కోడి కాలేయాన్ని పాడుచేస్తుంది. కోడికి తప్పనిసరైన లైసిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు కూడా అందులో తక్కువే, వాటిని విడిగా కలపాలి. ఏది కొన్నా వచ్చిన ప్రతి లోడు నుంచీ నమూనా తీసి పరీక్ష చేయించండి.

గుడ్ల వ్యాపారి:
పరీక్షలో నెగ్గినా, కలిపినప్పుడు నాకు చెప్పండి అన్నగారూ. ఆ ట్రేలు వేరుగా పెట్టి, అడిగినవారికి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. దాచి అమ్మమంటే మాత్రం నా వల్ల కాదు.

పలమనేరు రైతు:
అంత పరీక్ష చేయిస్తే చవక అన్న మాట ఎంతవరకు నిలుస్తుందో లెక్క వేయాలి. ప్రస్తుతానికి సరుకు దించుకోవడం లేదు. వ్యాపారిని పెప్సిన్, సాల్మొనెల్లా పరీక్షల ఫలితాలు అడిగాను. వస్తే ఇక్కడే పెడతాను. కలిపితే మీకు ముందే ఫోను చేస్తాను తమ్ముడూ.