లించ్-బాజ్ 2016 సీసా బల్లార్షా ఎండల్లో పాతికేళ్లు నిలుస్తుందా?

వర్ధా ఒడ్డు (బల్లార్షా):
ఫ్రాన్స్‌లో ఉద్యోగం చేసే మా బావగారు లించ్-బాజ్ అనే ఫ్రెంచి ద్రాక్షతోట వాళ్ల 2016 రెడ్ వైన్ సీసా ఇచ్చి వెళ్లారు. మా పెళ్లయిన సంవత్సరం అదే. 2041లో, పాతికేళ్లు నిండిన రోజున తెరవాలట. అత్తగారేమో దుప్పటి చుట్టి అటక మీద పెట్టించారు. పైన రేకుల కప్పు. మే నెల సంగతి చెప్పనక్కర్లేదు. పైగా ఇది బోర్డో అనే ఫ్రెంచి వైను ప్రాంతంలో అయిదో శ్రేణి అని చదివాను. మరి అంత గొప్పదేనా?

పాత స్టీవార్డు (చంద్రపూర్):
ముందు అటక మీద నుంచి దింపండి. ముంబై హోటల్లో వైను సీసాలు చూసుకోవడమే నా ఉద్యోగం కాబట్టి కాస్త ఎక్కువే మాట్లాడతాను, భరించండి.

1855లో పారిస్ ప్రదర్శన కోసం ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ అడిగితే, వర్తకులు అప్పటి ధరలను బట్టి బోర్డోలోని మెదోక్ ప్రాంతపు ఎస్టేట్లను అయిదు శ్రేణులుగా పేర్చారు. మీరు చదివిన అయిదో శ్రేణి అందులోదే. 1973లో మూతోన్ రోత్‌షిల్డ్ అనే ఎస్టేటును మొదటి శ్రేణికి ఎక్కించడం తప్ప ఆ పట్టికలో పెద్ద మార్పు లేదు. తోటల తీరు మాత్రం మారింది. లించ్-బాజ్ ఉన్నది మెదోక్‌లోని పోయాక్ అనే ఊళ్లో, జిరోంద్ నదీముఖం దగ్గరి గులకరాళ్ల నేల మీద. పేరులోని లించ్‌లు ఐర్లండ్ నుంచి వచ్చిన కుటుంబం. 1930లలో తోట కాజ్ కుటుంబం చేతికి వచ్చింది, ఇప్పటికీ వాళ్లదే. బజారులో దీన్ని రెండో శ్రేణి వైన్ల సరసన పెట్టి కొంటారు. మీ బావగారిని శంకించకండి.

ఇందులో ఎక్కువ పాలు కాబెర్నె సోవిన్యోఁ అనే ద్రాక్షరకం. తర్వాత మెర్లో, కొద్దిగా కాబెర్నె ఫ్రాంక్, పెతీ వెర్దో. కాబెర్నె పండు చిన్నది, తొక్క మందం, అందుకే కరక్కాయ కొరికినంత వగరు. ఆ వగరూ పులుపూ కలిసి వైనును ఏళ్లపాటు కాపాడతాయి, క్రమంగా వగరు మెత్తబడుతుంది. 2016 బోర్డోకు చాలా మంచి ఏడు. చల్లగా ఉంచితే 2041 దానికి దూరం కాదు.

అయితే చల్లదనమంటే 12 నుంచి 14 డిగ్రీలు. చీకటి ఉండాలి, బిరడా ఎండకుండా సీసా పడుకుని ఉండాలి. మన ఎండకు వైను ఉబ్బి బిరడాను తోస్తుంది, చల్లబడితే గాలిని లోపలికి లాగుతుంది. కూలర్ గది కూడా చాలదు. రెండు వేసవులు గడిస్తే మీకు మిగిలేది ఉడికిన పళ్ల వాసన.

గోదావరి గట్టు (సిరొంచ):
ఫ్రిజ్‌లో పెడితే సరిపోదా? మా గడ్చిరోలిలో 1993 నుంచి మద్యనిషేధం కాబట్టి ఈ బెంగలు మాకు లేవనుకోండి.

పాత స్టీవార్డు:
కొన్ని నెలలకు ఫ్రిజ్ ఫరవాలేదు. ఏళ్ల తరబడి అయితే ఆ పొడిగాలికి బిరడా ఎండిపోతుంది. చల్లగా ఉంచే వైను అలమారా కొనొచ్చు గానీ ఒక్క సీసా కోసం 2041 దాకా కరెంటు కట్టడం నాకు నచ్చదు. ఫ్రాన్స్‌లో చాలా అపార్టుమెంట్లకు నేలమాళిగలో ఒక గది ఉంటుంది. బావగారికి ఉంటే తిరిగి పంపేయండి. లేకపోతే ఈ చలికాలంలోనే తాగేయండి: ముందురోజు నిలబెట్టి, అడుగున మడ్డి కదలకుండా మెల్లగా జాడీలోకి వంచి, రెండు గంటలు ఆగి, 17 డిగ్రీల దగ్గర. పక్కన మటన్ బాగుంటుంది. సావజీ మసాలా మాత్రం వద్దు, కారం తగిలితే ఆ వగరు నాలుకను పట్టేస్తుంది.

వర్ధా ఒడ్డు:
బావగారికి నేలమాళిగ ఉందట! దీపావళికి వస్తున్నారు, ఆయనకే అప్పగిస్తాను. అప్పటిదాకా ఫ్రిజ్ కింది అరలో పడుకోబెట్టాను. అత్తగారు కొత్తిమీర కట్ట దాని మీదే పెడుతున్నారు.

పాత స్టీవార్డు:
పెట్టనివ్వండి, నష్టం లేదు. విమానంలో చేతిసంచిలో పట్టుకెళ్లనివ్వరు, పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టమనండి.