ఈ వారం సమస్య: నవ్వు రానివాడె నవ్వజేసె

తిరుపతి నుంచి అందరికీ నమస్కారం. ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇచ్చినాను, మిగతా మూడు రాసి అందులోని ముడి విప్పాల. విషయం మాత్రం స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష కథల టీవీ సీరియల్‌లో స్పాక్, సగం మనిషి, సగం వల్కన్ అనే వేరే గ్రహం జాతి, మనసులోది బయటపెట్టకుండా తర్కమే మాట్లాడతాడు. 1966లో మొదలైన సీరియల్, స్పాక్ వేషం లెనార్డ్ నిమోయ్ వేసినాడు. స్పాక్ హాస్యం అంటే నాకు ప్రాణం, జోకు వేసినట్టే ఉండదు, డాక్టర్ మెకాయ్ ఒకపక్క గొంతు చించుకుంటా ఉంటే ఈయన కనుబొమ ఎత్తి ఒక్క మాట అంటాడు, అంతే, మనకు కాసేపాగి నవ్వొస్తుంది. దాన్ని పద్యంలో పట్టండి.

చంద్రగిరి అన్న పూరణ:

చెవులు నిక్కియుండు చిరునవ్వు కనరాదు
ఒక్క బొమను లేపి యూరకుండు
తర్కమొకటె చాలు దానితో మనలను
నవ్వు రానివాడె నవ్వజేసె

తిరుచానూరు అక్క: ధార బాగుందన్నా, గణాలు, యతులు (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో పొత్తు) అన్నీ కుదిరినాయి. కానీ ముడి విడిపోలేదు గదా, నవ్వు రానోడు ఎట్ల నవ్వించినాడు అనేది అట్లే ఉండిపోయింది. అసలు ఆయనకు నవ్వు రాదంటే నేను ఒప్పుకోను. 1967లో వచ్చిన అమోక్ టైమ్ ఎపిసోడ్‌లో, తన చేతుల్లోనే చచ్చిపోయినాడనుకున్న కెప్టెన్ కర్క్ ఎదురుగా కనపడేసరికి జిమ్ (కర్క్ పేరే) అని అరిచి పళ్ళు కనపడేట్టు నవ్వేస్తాడు, మళ్ళా వెంటనే సర్దుకొని, సమర్థుడైన కెప్టెన్ పోలేదని తర్కబద్ధమైన ఊరట అంతే అంటాడు. ఆ సర్దుకోవడం ఎన్నిసార్లు చూసినా నవ్వు ఆగదు నాకు.

పీలేరు తమ్ముడు (మొదటిసారి రాస్తున్నా, తప్పులుంటే చెప్పండి):

తల్లి భూమిబిడ్డ తండ్రి వల్కనువాడు
లోన నవ్వు దాచు మంచి గుండె
మాట చురక వేసి మచ్చుకైన మొగాన
నవ్వు రానివాడె నవ్వజేసె

నా మాట: తమ్ముడూ, ముడి విప్పినావు! మూడో పాదం చివర "మొగాన" అని ఆపి నాలుగోదాంట్లోకి లాక్కెళ్ళినావు చూడు, నవ్వు రానిది మొగానికే గాని మనసుకు కాదని తేలిపోయింది. తల్లి అమాండా మనిషి, తండ్రి సారెక్ వల్కన్, అదంతా ఒక్క పాదంలో పట్టింది. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది, లో కి మం కుదరదు, "లోతు గుండె" అని మార్చు, అర్థం కూడా పెరుగుతుంది. "మొగాన" వ్యావహారికం గదా అని ఎవరన్నా అన్నా మార్చొద్దు, మన నోట్లో మాట అదే.

పీలేరు తమ్ముడు: మార్చినానన్నా.

లోన నవ్వు దాచు లోతు గుండె